లిఫ్టులో సిగ్నల్ ఉండదు

ఆదివారం

ఈ డైరీ మా అబ్బాయికి కంపెనీ ఇచ్చింది. అట్ట మీద లిఫ్టు బొమ్మ. వాడు ఒక్క అక్షరం రాయలేదు. లోపల అచ్చేసిన తారీఖులు పోయినేడాదివి, వారాలు కలవవు. వారం పేరు నేనే రాసుకుంటున్నాను. నా ఐదో క్లాసు చదువుకి ఇంతకంటే ఏం కావాలి.

ఇవాళ బక్కోడు ఫోన్ చేశాడు. ప్రతి ఆదివారం చేస్తాడు. వాడూ మావాడూ ఒకే జట్టు, ఒకే సంచీలో పానాలు వేసుకుని లిఫ్టులు బాగుచేయడానికి పోయేవాళ్లు. ఫోన్ అత్తమ్మ చెవికి ఆనించి పట్టుకున్నాను.

"నానమ్మా, నేను."

"ఎవరు నేను? ఫోన్ చేసిన ప్రతివాడూ నేనే అంటాడు."

"నీ బుడ్డోణ్ణే."

"ఓరి నీ! ఆ గొంతేంట్రా, బావిలోంచి మాట్లాడుతున్నట్టు?"

బక్కోడు ఆగిపోయాడు. ఇక మాట్లాడలేడని నాకు తెలిసిపోయింది. ఫోన్ లాక్కుని, "లిఫ్టు గుంతలో ఉన్నాడు అత్తమ్మా, అక్కడ సిగ్నల్ ఉండదు" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను.

మావాడు పోయింది ఆ గుంతలోనే. అప్పుడు అత్తమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. గుండె బలహీనంగా ఉంది, ఇప్పుడే చెప్పకండి అన్నారు. ఆ 'ఇప్పుడే' ఇంకా అవ్వలేదు. ఆమె ఇంటికొచ్చే లోపల ఫోటో బీరువాలో పెట్టేశాం. దూరంగా ఎక్కడో పెద్ద బిల్డింగుకి లిఫ్టులు పెడుతున్నారు, బుడ్డోడు పనికి వెళ్లాడు అన్నాం. మా వీధిలో నోట్లో నువ్వుగింజ నానని వాళ్లున్నారు. వాళ్లు కూడా ఈ ఒక్కటీ నానబెట్టుకున్నారు.

రోజూ అడుగుతుంది. బుడ్డోడు తిన్నాడా. చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారు. జుట్టు కత్తిరించుకున్నాడా, లేక ఎలుగుబంటిలా తిరుగుతున్నాడా. నేను చెబుతాను. తిన్నాడు. వాడే ఉతుక్కుంటున్నాడు. మొన్ననే కత్తిరించుకున్నాడు, చెవులు బయటపడ్డాయట. చెబుతున్నంతసేపూ వాడు ఎక్కడో ఒకచోట తింటూ ఉంటాడు, ఉతుక్కుంటూ ఉంటాడు. ఈ లోకంలో వాణ్ణి 'ఉన్నాడు' అనే మనిషి ఆమె ఒక్కతే.

సాయంత్రం ఎదురింటి ముసలాయన సంగతి వచ్చింది. ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి ఉంచేశారట, ఎన్నాళ్లయినా ఉలుకూ పలుకూ లేదట. అత్తమ్మ నా చెయ్యి గిల్లింది.

"ఏమ్మాయ్, నా నోట్లో అలాంటివి పెట్టనీయకు. నోరు మూతపడ్డాక నేనేం బతికినట్టు? ఈ నోటిని మోసింది మాట్లాడ్డానికే."

"మీ నోటికి గొట్టం వేసే మగాడు ఇంకా పుట్టలేదు లెండి" అన్నాను. పళ్లు లేని నోరు తెరిచి నవ్వింది.

బుధవారం

పొద్దున పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయింది. గ్లాసు చేతిలోనే ఉంది. పెదాలు నీలంగా అయిపోయాయి.

మా ఆయన అప్పుడే స్కూల్లో పిల్లల్ని దించి వ్యాను తెచ్చాడు. పిల్లల సీటు మీద ఆమెను పడుకోబెట్టాం. ఎవరో పిల్లది మరిచిపోయిన నీళ్ల సీసా దారంతా కింద అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు నాకు.

ఎమర్జెన్సీలో నీలం తెరల మధ్య మంచం. మాస్కు పెట్టారు. మాస్కులోంచే మాట్లాడుతోంది. సిస్టరు "మాట్లాడకు మామ్మా" అంటే, "మరి నువ్వు మాట్లాడు, నేను వింటా" అంది. నన్ను దగ్గరికి రమ్మని వేలు ఊపింది. చెవి పెట్టాను.

"బుడ్డోడికి చెప్పకు. పనిలో ఉంటాడు. కంగారు పడితే కాలు జారుద్ది."

చెప్పనన్నాను.

తరవాత మాట రాలేదు. ఎగశ్వాస మొదలైంది. డాక్టరమ్మ మమ్మల్ని తెర అవతలికి పిలిచింది. చిన్నపిల్ల, మా బుడ్డోడి వయసుంటుంది. ఆయన, నేను, ఆడపడుచు. ఆడపడుచు ఆఫీసు నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది, మెళ్లో ఆఫీసు కార్డు వేలాడుతోంది.

"ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. గుండె ముందే నీరసం. మాస్కు సరిపోవడం లేదు" అంది డాక్టరమ్మ. "గొంతులో గొట్టం వేసి మిషను పెట్టొచ్చు. కానీ ఈ వయసులో, ఈ గుండెతో, మళ్లీ తీసే రోజు రాకపోవచ్చు. వద్దనుకుంటే ఆయాసం తెలియకుండా మందిస్తాం, మీరంతా పక్కన కూర్చోవచ్చు. ఇలాంటప్పుడు ఏం చేయాలని ఆవిడ ఎప్పుడైనా చెప్పారా?"

"చెప్పింది. గొట్టాలు వద్దంది. నాతో చాలాసార్లు అంది" అంది ఆడపడుచు.

డాక్టరమ్మ నా వంక తిరిగింది. "ఇంట్లో చూసుకునేది మీరు కదా. మీతో ఏమన్నా అన్నారా?"

"లేదండీ. నాతో ఏమీ అనలేదు."

ఆయన నేల వంక చూశాడు. ఆదివారం ఆయన అక్కడే గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు.

"వేయండి" అన్నాను.

గురువారం

పైన ఐసీయూలో మంచం ఖాళీ లేదట. ఎమర్జెన్సీలోనే, ఆ తెరల మధ్యే ఉంచారు. ఒంటి రంగు బాగుపడింది. నిన్నటి నీలం లేదు. మంచి పనే చేశాను.

గురువారం, మళ్లీ

పక్క తెరలో ఒకావిడ భర్తకి కాలు విరిగింది. ఆవిడ నన్నడిగింది, "మీ అమ్మగారా?" అని.

"అత్తగారండీ."

"అయ్యో, నేను కూతురనుకున్నాను. ఈ కాలంలో ఇలా చూసే కోడళ్లు ఎక్కడున్నారు? మా కోడలైతే ఈపాటికి నా చెవులకున్నవి తీసుకుని ఇంటికి పోయి ఉండేది."

కుర్చీలో నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్న ఆడపడుచు కళ్లు తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుంది.

శుక్రవారం

ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. మిషను ఊపిరి పీలుస్తుంది, వదులుతుంది. అత్తమ్మ ఛాతీ దాని వెంట లేచి పడుతుంది. తెర అవతల లిఫ్టు ఉంది. అది ఆగినప్పుడల్లా టింగుమంటుంది. తలుపు తెరుచుకునే ముందు చిన్న కీచుమన్న చప్పుడు. వాడుంటే విని "అమ్మా, దీని పట్టాలకి నూనె కావాలి" అనేవాడు. ఎవరింటికి పోయినా ఇంతే. పెళ్లి పిలుపుకి పోయి లిఫ్టు వినొచ్చేవాడు.

పైకి పోవాల్సి వచ్చినా నేను మెట్లెక్కే పోతున్నాను.

అత్తమ్మ చేతులకు మెత్తటి గుడ్డ చుట్టి మంచం కడ్డీకి కట్టారు. పొద్దున మత్తు తగ్గగానే గొట్టం పీకబోయిందట. "ఆవిడ మంచికేనమ్మా" అంది సిస్టరు. ఔను, మంచికే. నేనూ వాడికి చిన్నప్పుడు గోకకుండా చేతులకి మేజోళ్లు తొడిగేదాన్ని, తట్టు పోసినప్పుడు.

మధ్యాహ్నం కళ్లు తెరిచింది. దగ్గరికి పోయాను. నన్నే చూసింది. నేను ఎదురుచూశాను.

దేనికోసం ఎదురుచూస్తున్నానో నాకు వెంటనే తెలియలేదు. కాసేపటికి తెలిసింది. అడుగుతుందని. తిన్నాడా అని అడుగుతుందని.

నోట్లో గొట్టం. చెంపలకి అంటించిన పట్టీ. నాలుక పక్కకి ఒత్తుకుని ఉంది.

అడగదు.

ఎంత బుద్ధి తక్కువదాన్ని. ఆ అడగడం ఉండాలనే కదా వేయమన్నాను.

అడక్కపోయినా నేనే చెప్పాను. తిన్నాడు అత్తమ్మా. ముప్పయ్యో అంతస్తు దాకా వచ్చిందట పని. కొత్త బూట్లు ఇచ్చారట, కరుస్తున్నాయట. ఆమె అడిగి నేను చెబితే అది వాడి కబురు. నేనొక్కదాన్నే చెబుతుంటే పిచ్చిదాని మాటల్లా ఉంది. పక్క తెరావిడ ఫోన్లో మాట్లాడుతున్నాననుకుని, "మీ అబ్బాయా? ఎప్పుడొస్తాడు?" అంది. "సెలవు దొరకలేదండీ" అన్నాను.

చిన్నప్పుడు వాడు నా కుట్టుమిషను ముందున్న బల్ల మీద నా పక్కనే కూర్చునేవాడు. ఎత్తు బల్ల. కాళ్లు నేలకి అందేవి కావు. జరుగమ్మా, జరుగమ్మా అని తోసేవాడు. స్కూలు చొక్కాల కుట్లు ఎన్ని వంకర పోయాయో. అప్పుడు అత్తమ్మ వచ్చి, "రారా, మీ అమ్మ ఎవడి చొక్కాకో మూడో చెయ్యి కుట్టేలా ఉంది" అని ఎత్తుకుపోయేది. నేను కన్నాను. చంకన మోసింది మాత్రం ఆమే.

శనివారం

డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. బెంచీ మీద మా పక్కనే కూర్చుంది. పెద్ద డాక్టర్లు నిలబడి చెబుతారు. కూర్చుని చెప్పేవాళ్లంటేనే నాకు భయం. వాడి సంగతి చెప్పినతనూ కూర్చునే చెప్పాడు.

"మిషను ఆవిడను బాగుచేయడం లేదండీ. పోకుండా పట్టుకుంది, అంతే. మందులు మార్చాం. గుండె తట్టుకోవడం లేదు."

"ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నాను.

"చూడొచ్చు. కానీ ఆ చూసే రోజులన్నీ ఇలాగే ఉంటాయి. చేతులు కట్టేసి, గంటగంటకీ గొట్టంలోంచి కఫం లాగుతూ. అది లాగేటప్పుడు ఆవిడ కళ్లు చూశారా?"

చూశాను. రాయను.

"తీసేస్తే?" అంది ఆడపడుచు.

"పక్కన మూలగది ఉంది, అక్కడికి మారుస్తాం. మోతలు ఉండవు. ముందే మందిచ్చి, ఆయాసం రాకుండా నేనే దగ్గరుంటాను. కొన్ని గంటలు ఉండొచ్చు, ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు."

"మాట్లాడుతుందా?" అన్నాను. ముగ్గురూ నన్ను చూశారు.

"మాట్లాడొచ్చు. మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ.

ఆయన, "మా ఆవిడ ఎలా అంటే అలా" అన్నాడు.

డాక్టరమ్మ వెళ్లాక ఆడపడుచు నన్ను చేతులు కడుక్కునే చోటికి లాక్కుపోయింది.

"ఎవరి కోసం వదినా ఇదంతా?"

"మీ అమ్మ కోసమే."

"మా అమ్మ కోసమైతే నేనూ నీ పక్కన నిలబడి వేయమనేదాన్ని. కన్నకూతుర్ని నేను వదలండంటున్నాను, కోడలివి నువ్వు గోడకి మేకు కొట్టినట్టు కొట్టిపెట్టావు ఆమెను. నీ కొడుకును దాచుకోవడానికి మా అమ్మే దొరికిందా నీకు?"

నరం లేని నాలుక. కోపంలో అంది. కుళాయి కట్టేసి, నా భుజం మీద తల పెట్టి తనే ఏడ్చింది. వాడికి మేనత్త. వాడి మొదటి జీతం చీర ఇంకా మడత విప్పలేదు తను. నేను తన వీపు నిమిరాను. నాకు ఏడుపు రాలేదు.

మా అమ్మ కాదు కాబట్టే నాకు తెలుసు, ఆమె పోతే ఏం పోతుందో.

శనివారం సాయంత్రం

ఒకటి తోచింది. అత్తమ్మ మాట్లాడలేకపోతే ఏం, చూడగలదు కదా. రేపు ఆదివారం. ఫోన్ బదులు మనిషే వస్తే? ఒక్కసారి చూసుకుంటే ఆ సంతోషానికి కోలుకోవచ్చు. అలా కోలుకున్నవాళ్లు ఉన్నారు, నేను విన్నాను.

ఆమె కళ్లకి పొర. అద్దాలు ఇంట్లో ఉన్నాయి. తేను.

బక్కోడికి ఫోన్ చేశాను. రమ్మన్నాను. "ఫోన్లో అయితే అబద్ధం చెవిలోకే పోద్దమ్మా. ఎదురుగా నిలబడి ఎలా?" అన్నాడు. మావాడు పోయాక నన్ను ఆంటీ అనడం మానేసి అమ్మా అంటున్నాడు. వద్దని అనలేదు, బాగుందనీ అనలేదు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. వచ్చి నిలబడు చాలు."

"అమ్మా, నా వల్ల కాదు."

"వాడి చొక్కా నేను తెస్తాను" అన్నాను.

ఆదివారం

గుర్తుపట్టింది. చూడగానే కళ్లు పెద్దవయ్యాయి. నవ్వింది.

ఆదివారం, ఇంటికి వచ్చాక

నవ్వలేదు. గొట్టం పెట్టిన నోరు ఎలా నవ్వుతుంది.

బీరువాలోంచి కంపెనీ చొక్కా తీశాను. ఉతకలేదు దాన్ని, ఇన్నాళ్లూ. బక్కోడు ఆసుపత్రి మెట్ల కింద వేసుకున్నాడు. వాడికి వదులు. వెనక నుంచి చూసి నేను ఒక్క నిమిషం గోడ పట్టుకున్నాను. భుజాల దగ్గర బట్ట ముడతపడే తీరు అదే.

తెర తీసి లోపలికి పంపాను. "అత్తమ్మా, ఎవరొచ్చారో చూడండి. బుడ్డోడు. మీ కోసం సెలవు పెట్టుకుని వచ్చాడు."

కళ్లు తెరిచింది. నిజంగానే కళ్లు పెద్దవయ్యాయి. కట్టు విప్పమని చేతులు కదిపింది. సిస్టరు కుడిచేతి గుడ్డ విప్పి, "నేనిక్కడే ఉంటా" అంది. అత్తమ్మ ఆ చెయ్యి చాచింది. బక్కోడు తన చెయ్యి ఇచ్చాడు.

ఆమె ఆ చెయ్యి నిమరలేదు. వెతికింది. వేలు వేలూ పట్టుకుని చూసుకుంటూ పోయింది. చిటికెన వేలి దగ్గర ఆగింది. దాన్ని పైనుంచి కిందికి తడిమింది, మళ్లీ తడిమింది.

మావాడి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందున పడింది. అత్తమ్మే పుల్ల పెట్టి కట్టింది. సరిగ్గా అతకలేదు. పెద్దయ్యాక కూడా దాన్ని పట్టుకుని, "నా పనితనం చూడండి" అని అందరికీ చూపించేది.

ఇంత సంగతి నేనెలా మరిచిపోయాను. చొక్కా గుర్తుంది, గుండీ ఊడిన చోటు గుర్తుంది. వేలు మరిచిపోయాను.

ఆమె బక్కోడి చెయ్యి వదలలేదు. కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత దాని మీద రెండుసార్లు తట్టింది, పరాయి పిల్లాణ్ణి పొమ్మన్నట్టు, మెల్లిగా. బక్కోడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తెర తోసుకుని పోయాడు.

అప్పుడు నన్ను చూసింది. చాలాసేపు చూసింది. కోపం ఉంటుందని చూశాను. కోపం కాదు.

సిస్టరు మళ్లీ చెయ్యి కడుతుంటే ఈసారి ఊరికే కట్టించుకుంది.

సోమవారం

వ్యాను ఆసుపత్రి వెనక చెట్టు కింద ఉంది. మధ్యాహ్నం అందులో కూర్చున్నాం, ఆయనా నేనూ, పిల్లల సీట్లలో, మోకాళ్లు పొట్టలోకి వచ్చేలా. నిన్నటి సంగతి చెప్పాను. చొక్కా సంగతి కూడా.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇదిగో" అన్నాడు. "అమ్మ వాడి సంగతి అడిగినప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి. గమనించావా?"

"గమనించాను. పట్టనట్టు పోతున్నారనుకునేదాన్ని."

"వినలేక పోయేవాణ్ణి. నువ్వేమో పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి దగ్గరికి పోయేదానివి, వినడానికి." కిటికీ అద్దం మీద పిల్లలు గీసిన బొమ్మను వేలితో తుడుస్తున్నాడు. "ఆ ఆదివారం అమ్మ గొట్టం వద్దంది. నేనూ విన్నాను. మరి నేనెందుకు నోరెత్తలేదో తెలుసా? నువ్వు వేయమంటే అమ్మ ఉంటుంది, అమ్మ ఉంటే నువ్వు పొద్దున్నే లేస్తావు. అది చూసుకున్నాను నేను."

కింద ఆ నీళ్ల సీసా ఇంకా ఉంది. తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నన్ను చూసిందండీ" అన్నాను. "నిన్న. నేనేదో పారేసుకుని వెతుక్కుంటుంటే చూసినట్టు చూసింది."

"ఊ."

"తీసెయ్యమని చెబుదాం. పోతుంది కదా."

"పోతుంది."

"వాడూ పోతాడు."

ఆయన లేచి డ్రైవరు సీట్లోకి మారాడు. స్కూలు వదిలే వేళయింది. నేను దిగాను. ఆయన పిల్లల్ని ఇళ్ల దగ్గర దించి వచ్చేదాకా ఆగి, ఇద్దరం కలిసి పోయి డాక్టరమ్మకు చెప్పాం. ఆవిడ మంచి పని అనలేదు, అయ్యో అనలేదు. "రేపు మధ్యాహ్నం, అందరూ ఉన్నప్పుడు" అంది.

మంగళవారం

మూలగదికి ఒక కిటికీ ఉంది. మంచం పక్కనే పొడుగు బెంచీ. మోతలన్నీ ఆపేశారు. చెవులకి ఏదో ఊడిపోయినట్టనిపించింది.

చేతుల కట్లు డాక్టరమ్మే విప్పింది. మందిచ్చింది. "ఒకసారి దగ్గొస్తుంది, భయపడకండి" అని చెప్పి గొట్టం తీసింది. దగ్గింది. పీల్చింది. మళ్లీ పీల్చింది, తనంతట తనే. చెంపల మీద పట్టీ అంటుకున్న చోట ఎర్రగా కమిలింది. సిస్టరు అక్కడ మందు రాసింది.

చాలాసేపు నిద్రపోయింది. నేను బెంచీ మధ్యలో కూర్చున్నాను. ఆయన కాళ్ల దగ్గర నిలబడ్డాడు. ఆడపడుచు తల దగ్గర.

ఎండ కిటికీ కిందికి దిగే వేళకి కళ్లు తెరిచింది. నాలుక కదిపింది. తడి దూది పెదాలకి అద్దాను. ఆడపడుచును చూసింది.

"వచ్చావా" అంది. గొంతు చింకిగుడ్డ చింపినట్టుంది. "నీకెప్పుడూ ఆలస్యమే."

"వారం నుంచి ఇక్కడే ఉన్నానే అమ్మా!" అని ఆడపడుచు ఏడుస్తూ నవ్వింది.

ఆయన్ని చూసింది. "వ్యానెక్కడ పెట్టావు?"

"చెట్టు కింద."

"పిట్టలు పాడుచేస్తాయి."

నేను ఎదురుచూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో పేరు పిలిచే దాకా కూర్చున్నట్టు కూర్చున్నాను. అడిగితే ఏం చెప్పాలో నిన్నంతా అనుకున్నాను. నిజం చెబుదామని ఒకసారి, తిన్నాడని చెబుదామని ఒకసారి.

నన్ను చూసింది. అడగలేదు.

ఉండలేకపోయాను. "అత్తమ్మా, బుడ్డోడు..." అన్నాను.

"ఊరుకో" అంది. విసుగ్గా కాదు.

కళ్లు మూసుకుంది. ఊపిరి తీస్తోంది, ఆగుతోంది, తీస్తోంది. డాక్టరమ్మ వచ్చి, నాడి చూసి, ఇంకొంచెం మందిచ్చి పోయింది. బయట లిఫ్టు ఆగినట్టుంది, టింగుమంది, తలుపు కీచుమంది. అత్తమ్మ కళ్లు తెరిచింది. నన్ను కాదు, నా పక్కన, కొంచెం పైకి చూసింది.

"జరుగు" అంది.

"ఏంటత్తమ్మా?"

"జరగవే అమ్మాయ్. బెంచీ అంతా నువ్వే కూర్చుంటే ఎలా? వాడు ఇందాకట్నుంచి నిలబడే ఉన్నాడు."

ఆయన తలుపు వంక చూశాడు. తలుపు వేసే ఉంది. ఆడపడుచు నా వంక చూసింది.

నేను జరిగాను.

"ఇంకొంచెం. కాళ్లు పొడుగు వాడికి."

ఇంకొంచెం జరిగాను. బెంచీ అంచు తొడకి ఒత్తుకుంటోంది. ఆ ఖాళీలో ఆయన కూర్చోలేదు. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు, అయినా కూర్చోలేదు. బయటికీ పోలేదు. ఆడపడుచు తన సంచీ తీసుకొచ్చి అక్కడ పెట్టబోయి, ఆగి, కింద పెట్టింది.

"ఆ. ఇప్పుడు బాగుంది" అంది అత్తమ్మ.

ఇక మాట్లాడలేదు. కిటికీలో ఇంకా వెలుతురుండగానే ఒక ఊపిరి వదిలింది, మళ్లీ తీసుకుంటుందని మేం చూస్తూ ఉన్నాం.

బుధవారం

జరగాల్సినవన్నీ జరిగాయి.

శనివారం

ఆడపడుచు వెళుతూ గుమ్మంలో అడిగింది. "వదినా, అమ్మకు తెలుసంటావా? ఎప్పట్నుంచి తెలుసంటావు?"

"తెలియదు" అన్నాను.

"తెలిసే ఉంటుంది. నీ కోసమే రోజూ అడిగి ఉంటుంది, నువ్వు చెప్పుకుంటావని. చివర్లో అన్నది కూడా నీ కోసమే."

"నిజంగానే కనపడ్డాడేమో."

తను నా మొహం చూసింది. "తిను వదినా" అని చెప్పి పోయింది.

బీరువాలోంచి ఫోటో తీసి గోడకి పెట్టాను. మేకు పాతదే, అక్కడే ఉంది. ఆయన భోజనం చేస్తూ దాన్నే చూశాడు. లేచి బయటికి పోలేదు.

ఆదివారం

ఫోన్ మోగింది. బక్కోడు.

"అలవాటైపోయిందమ్మా. చెయ్యి దానంతటదే చేసేసింది. పెట్టేస్తాను."

"పెట్టొద్దు" అన్నాను.  వెనక ఏదో మోత.

"తిన్నావా?" అన్నాను.

"తిన్నానమ్మా."

"చొక్కా ఎవరు ఉతుకుతున్నారు?"

"నేనే." తరవాత ఏదో అన్నాడు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. "అమ్మా, పనిలో ఉన్నాను, లిఫ్టులో..."

"తెలుసు" అన్నాను. "పైకొచ్చి మాట్లాడు. పట్టుకుని ఉంటాను."

వాడు పైకొచ్చేదాకా పట్టుకునే ఉన్నాను.

సాయంత్రం కుట్టుమిషను మీద గుడ్డ తీశాను. స్కూళ్లు తెరిచిన కాలం, చొక్కాలన్నీ అలాగే ఉన్నాయి. బల్ల అంచుకి జరిగి కూర్చున్నాను. సూదికి చెయ్యి సరిగ్గా అందడం లేదు. కుట్టు వంకర పోతోంది.

పోనీ.